గాజుగిన్నెలో నీళ్ళు

పాయ నడిమధ్యలో ముసలిబాతు గొంతు పూడుకుపోయిన చోట కిందటి వారం మనం ఆగాం. ముసలిబాతంటే పక్షి అనుకునేరు, లాంచీ. నీళ్ళమీద అటూ ఇటూ ఊగుతూ, తోక ఆడించినట్టు వెనక నురగ చిమ్ముతూ పోతుందని జనం పెట్టిన పేరు. దీవికీ అవతలి ఒడ్డుకీ మధ్య ఉన్న ఆ ఉప్పునీటి పాయను ఒక తరం నుంచీ దాటిస్తున్నది అదే. చుక్కాని లాంచీగల ఇంటి పెద్దకోడలి చేతిలో, ఇంజను చిన్నకోడలి చేతిలో. ఈమధ్య తెల్లపడవ ఒకటి వచ్చి, ఈ దారి మాకిచ్చేయండని అడగడంతో, రేవుల ఆఫీసు వాళ్ళు ముసలిబాతుకు పరీక్ష పెట్టారు. నిండుగా జనంతో ఎదుటి రేవుకు పోయి, ఎవరి సాయమూ లేకుండా ఇంటిరేవుకు తిరిగి రావాలి. పోవడం హాయిగానే పోయింది. తిరుగుదారిలో ఇంజను ఒకసారి దగ్గింది, ఇంకోసారి ఎక్కిళ్ళు పెట్టింది, ఆ తర్వాత ఊరుకుంది.

ఇంజను ఆగిన లాంచీలో నిశ్శబ్దం ఎంత పెద్దదో చిన్నకోడలికి ఆరోజే తెలిసింది. అంతవరకూ చెవుల్లో హోరెత్తిన చప్పుడు పోయి, పలకల కింద నీళ్ళు తడుముకుంటున్న చప్పుడు వినబడుతోంది. పైన జనం అడుగులు వినబడుతున్నాయి. ఎవరో చంటిపిల్ల ఏడుస్తోంది.

టంగుమని గంట మోగింది. పైనించి పెద్దకోడలు తాడు లాగుతోంది. ఒక గంటంటే ముందుకు, రెండంటే ఆపు, మూడంటే వెనక్కి. ఇప్పుడు మోగుతున్నవాటికి లెక్కా పత్రం లేదు. ఏమయిందని అడగడానికి గంటల్లో మాట లేదు గనక, వరసగా వాయిస్తూనే ఉంది.

మరి నోటితో అడగొచ్చు గదా అంటారా? అదే కదా వచ్చిన చిక్కు. ఆ తోడికోడళ్ళిద్దరికీ మాటల్లేవు. చాలాకాలం కిందట ఇలాగే ఒకసారి ఇంజను ఆగితే, రేవులో అందరూ చూస్తుండగా పెద్దకోడలు, "కాలేజీలో ఇంజను చదివితే చాలదమ్మా, చేతికి కూడా రావాలి" అన్నది. నలుగురూ నవ్వారు. తప్పు ఇంజనుది కాదని, ప్రొపెల్లరుకు వల చుట్టుకుందని మర్నాడు తేలింది. కానీ అన్నమాట వెనక్కి తీసుకోవడం పెద్దకోడలికి చేతకాలేదు, మర్చిపోవడం చిన్నకోడలికి చేతకాలేదు. ఆనాటినుంచీ లాంచీలో గంటలే మాటలు. ఇంట్లో అయితే గోడలున్నాయి. "ఎవరో గానీ పాలు పొయ్యిమీద పెట్టి మర్చిపోయారు" అని పెద్దకోడలు గోడకు చెప్పేది. "ఎవరో గానీ కాస్త దించితే వాళ్ళ చేతులేం అరిగిపోవు" అని చిన్నకోడలు ఇంకో గోడకు చెప్పేది. వాళ్ళ మొగుళ్ళు, అన్నదమ్ములిద్దరూ, మధ్యలో తలలు దించుకుని అన్నం తినేవాళ్ళు. అత్తగారు మాత్రం ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, నిట్టూర్చి లేచిపోయేది.

చిన్నకోడలు మోగుతున్న గంటను వదిలేసి ఫిల్టరు దగ్గర గొంతుక్కూర్చుంది. ఫిల్టరు కింద గాజుగిన్నె ఒకటి ఉంటుంది. డీజిల్ ఇంజనుకు పోయేముందు అందులోంచే పోవాలి. మామూలుగా ఆ గిన్నె నిండా లేతతేనె రంగు. ఆమె టార్చి వేసి చూసింది. గిన్నె సగానికి పైగా తెల్లగా, తేటగా ఉంది. ఆ తెలుపు మీద సన్నటి గీత గీసినట్టు తేనెరంగు తేలుతోంది. లాంచీ ఊగినప్పుడల్లా ఆ గీత వాలుతోంది, లేస్తోంది.

"నీళ్ళు!" అన్నది తనలో తనే.

ఎదుటి రేవులో ఇంజనుకు తాగించే చిన్న ట్యాంకు తగ్గిందని పెద్ద ట్యాంకులోంచి డీజిల్ ఎక్కించింది తనే. అంటే పెద్ద ట్యాంకులోనే నీళ్ళున్నాయి. అక్కడిదాకా నిన్నటి డీజిలుతో వచ్చిన లాంచీ, కొత్తది గొంతు దిగగానే పొలమారింది. ముందు పెద్ద ట్యాంకు కుళాయి బిగించేసింది. గాజుగిన్నె కింద మర విప్పి నీళ్ళు వదిలేసింది. చిన్న ట్యాంకు అడుగున ఉన్న కుళాయి కింద బకెట్టు పెట్టి తిప్పింది. బియ్యం కడిగిన నీళ్ళలా వచ్చింది. కాసేపు చూసింది. అలాగే వస్తోంది. ఇంకాసేపు చూసింది. అలాగే.

కట్టేసింది. సంగతి అర్థమైంది. నీళ్ళు బరువు, డీజిల్ తేలిక. కదలకుండా ఉంచితే నీళ్ళు వాటంతటవే అడుక్కి దిగుతాయి, కుళాయి తిప్పి వదిలేయొచ్చు. కానీ దిక్కులేని లాంచీ గాలికి అడ్డం తిరిగి, ఉయ్యాలలా ఊగుతోంది. ట్యాంకులో రెంటినీ కవ్వం పెట్టి చిలికినట్టు చిలుకుతోంది. ఇలా అయితే ఉన్నదంతా వంచి పారబోసినా మంచి డీజిల్ చుక్క దొరకదు.

లాంచీని ఊగకుండా ఆపాలి. అది ఇంజను గదిలో అయ్యే పని కాదు. అది చేయగల మనిషి పైన ఉంది. ఆ మనిషికి ఈ సంగతి చెప్పాలంటే గంటలు సరిపోవు.

చిన్నకోడలు చేతులు గుడ్డకు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. అవి ఎప్పుడో శుభ్రమయ్యాయి. అయినా తుడుచుకుంటూనే ఉంది. చివరికి గుడ్డ విసిరికొట్టి నిచ్చెనెక్కి, మూత తోసి తల బయటపెట్టింది.

ఎండ కళ్ళలో కొట్టింది. కళ్ళు సర్దుకున్నాక ముందు కనబడినవి నల్లబండలు. పాయలో ఆ వైపుకు పడవలు పోవు. గాలి లాంచీని అటే తోస్తోంది. ఇంకోవైపు తెల్లపడవ. అది ఎప్పుడొచ్చిందోగానీ, పక్కనే తిరుగుతోంది. దాని సరంగు తాడు చుట్ట చేత్తో పట్టుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టి అరుస్తున్నాడు.

"ఏమ్మా, తాడు వెయ్యమంటారా? మొహమాటపడకండి, మనం మనం ఒకటేగా!"

జనంలో కొందరు వేయమన్నారు. కొందరు వద్దన్నారు. పరీక్ష పెట్టడానికి వచ్చిన ఆఫీసరు లైఫ్ జాకెట్టు మెడదాకా బిగించుకుని బల్లమీద కూర్చుని ఉన్నాడు. మంచి మనిషి. ఏమీ అనడం లేదు, బండలకేసి చూస్తున్నాడు.

"అక్కా!" అన్నది చిన్నకోడలు.

పెద్దకోడలి చేతిలో గంటతాడు ఆగిపోయింది. తననేనా అన్నట్టు వెనక్కి తిరిగింది. జనం గోల కూడా ఒక్క క్షణం తగ్గింది. వాళ్ళందరూ ఈ ఊళ్ళవాళ్ళే, ఈ ఇంటి సంగతి తెలియనివాళ్ళు కారు.

"డీజిల్లో నీళ్ళు పడ్డాయక్కా. లాంచీ ఊగుతుంటే రెండూ కలిసిపోతున్నాయి. ఊగకుండా పట్టుకోగలవా? నిలకడ దొరికితే నీళ్ళు కిందికి దిగుతాయి. దిగితే తీసేస్తాను."

"ఎంతసేపు పడుతుంది?"

"అది నీళ్ళు చెప్పాలి."

పెద్దకోడలు చుక్కాని వదిలి రెండడుగులు ముందుకొచ్చింది. మొహంలో కోపం లేదు. అంతకంటే కష్టమైనదేదో ఉంది.

"ఆ బండలు చూశావా?"

"చూశాను."

"వాడి తాడు పట్టుకుంటే పరీక్ష ఇక్కడితో సరి. ఇల్లూ వాకిలీ మాట దేవుడెరుగు, ఈ దారి మాత్రం మనకుండదు. పట్టుకోకుండా కూర్చుని ఏదన్నా అయితే ఇంతమంది ఉసురు నా మెడకు చుట్టుకుంటుంది. నాకు అదీ ఇదీ చెప్పకు. ఒక్కటే మాట. ఇంజను వస్తుందా, రాదా?"

చిన్నకోడలికి ఆనాటి రేవు, ఆ నవ్వులు కళ్ళముందు కదిలాయి. ఇప్పుడు వస్తుందని చెప్పి, రాకపోతే? ఈసారి నవ్వేవాళ్ళు కూడా ఉండరు. ఆమె కిందికి చూసింది. చీకట్లో ఇంజను నల్లగా, వెచ్చగా, ఇంకా నూనెవాసన కొడుతూ ఉంది. దాని ఒక్కో ఎముకా తనకు తెలుసు.

"వస్తుంది" అన్నది.

"సరే." పెద్దకోడలు ఇంకో ప్రశ్న వేయలేదు. చిన్నకోడలు గబగబా నిచ్చెన దిగింది. తిట్టినా బాగుండేది. అలా నమ్మేస్తే ఎలా?

అప్పుడు చూడాలి పెద్దకోడల్ని. కొంగు బిగించి ముక్కువైపు పరుగెత్తింది. జనాన్ని రెండు వైపులా సమంగా సర్ది కూర్చోబెట్టింది. "లేచారంటే ఊరుకోను, ఎంతటివారైనా సరే!" అని ఒక్క అరుపు అరిచింది. లంగరును పట్టి ఉంచిన కొక్కెం ఎత్తి, దాన్ని నీళ్ళలోకి తన్నింది. గొలుసు గడగడా పారింది. అంతా పోనివ్వకుండా కొంచెం వదిలి, ఆపి, మళ్ళీ వదిలి, చెయ్యి గొలుసుమీద పెట్టి కళ్ళు మూసుకుంది. అడుగున లంగరు జారుతోందో పట్టిందో ఆమెకు అరచేతిలో తెలుస్తుంది. జారింది. ఇంకా జారింది. ఆఫీసరు లేచి నిలబడబోయి, ఆమె మాట గుర్తొచ్చి కూర్చున్నాడు.

గొలుసు ఒక్కసారి బిర్రబిగిసింది. ముసలిబాతు ముక్కు మెల్లగా గాలివైపు తిరిగింది. పక్కలకు ఊగడం మానేసి, నిద్రలో ఉన్నదానిలా కొద్దిగా పైకీ కిందికీ కదిలింది.

"పట్టింది!" అన్నారెవరో.

పెద్దకోడలు తెల్లపడవకేసి తిరిగింది. "దగ్గర్లోనే ఉండు బాబూ. లంగరు జారిందంటే నేనే పిలుస్తాను, అప్పుడు నాకు మొహమాటం లేదు. అందాకా ఆ తాడు నీ దగ్గరే ఉంచు. బట్టలారేసుకోవడానికి పనికొస్తుంది."

లాంచీ అంతా గొల్లుమంది. చాలాసేపటికి అదే మొదటి నవ్వు.

కింద చిన్నకోడలు చిన్న ట్యాంకును రెండు చేతులతో పొదివి పట్టుకుని కూర్చుంది. అలా పట్టుకుంటే నీళ్ళు తొందరగా దిగుతాయని కాదు. ఇంకేం చేయాలో తోచక. నిచ్చెనమీద బూట్లు కనబడ్డాయి. ఆఫీసరు దిగుతున్నాడు.

"నేను సాయం చేయకూడదమ్మా, రూలు ఒప్పుకోదు" అన్నాడు నెమ్మదిగా. "టార్చి పట్టుకోవడం సాయం కిందికి రాదనుకుంటాను."

"రాదండీ" అన్నది చిన్నకోడలు. టార్చి ఆయన చేతికిచ్చింది.

పైన చంటిపిల్ల నిద్రపోయినట్టుంది. ఎంతసేపు గడిచిందో ఎవరూ గడియారం చూడలేదు. చూడాలంటే భయం. చిన్నకోడలికి కుళాయి తిప్పాలని చేతులు దురదపెట్టాయి. తొందరపడితే మళ్ళీ కలుస్తుందని చేతుల్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుంది.

ఇక ఆగలేనన్నప్పుడు, ఇంకొంచెం ఆగి, తిప్పింది.

బకెట్టులోకి నీళ్ళు పడ్డాయి. బియ్యం కడుగు కాదు, తేటగా, వర్షపునీళ్ళలా. పడ్డాయి, పడ్డాయి. ఇన్ని నీళ్ళా అని ఆఫీసరు నోరు తెరిచాడు. తర్వాత ధార సన్నగా తెల్లబడింది. ఆపైన ఒక చుక్క పచ్చగా, దాని వెనక ఇంకొకటి. టార్చి వెలుగులో లేతతేనె రంగు ధారగా దిగింది.

చిన్నకోడలు కొంచెం సీసాలోకి పట్టి వెలుగులో తిప్పి చూసింది. గీత లేదు, మసక లేదు. ఒక్క రంగు.

ఇక ఆమె చేతులకు పట్టపగ్గాల్లేవు. పాత ఫిల్టరు విప్పి, కొత్తది మంచి డీజిలుతో నింపి బిగించింది. పైపుల్లో చిక్కిన గాలి పోయేలా మర సడలించి, డీజిల్ తోడే చేతిమీటను కొట్టింది. బుడగలు బుసబుస వచ్చాయి. కొట్టింది, కొట్టింది. బుడగలు తగ్గాయి. ధార సాఫీగా రాగానే మర బిగించింది. ఇంజను నెత్తిమీది పైపులు ఒక్కొక్కటే సడలించి ఆ గాలీ తీసేసింది. ముంజేతిమీంచి డీజిల్ మోచేతిదాకా కారింది.

"సెల్ఫ్ కొడుతున్నా!" అని పైకి అరిచింది.

ఇంజను గుర్రుమని తిరిగింది. తిరిగింది గానీ అంటుకోలేదు. మళ్ళీ కొట్టింది. ఒక్క దగ్గు దగ్గి ఆగింది. బ్యాటరీ గొంతు బరువెక్కింది. ఇంకొక్కసారికి మించి బలం లేదు దానికి. చిన్నకోడలి వేలు బటన్ మీదే ఉంది, నొక్కడానికి ధైర్యం చాలడం లేదు.

పైన మూతలోంచి పెద్దకోడలి తల కనబడింది.

"కొట్టవే చెల్లీ" అన్నది. "వస్తుందన్నావుగా. వస్తుంది."

నొక్కింది.

ఒక దగ్గు. ఇంకొకటి. మూడోది గర్జన. పొగగొట్టంలోంచి తెల్లగా, తర్వాత బూడిదరంగుగా, తర్వాత ఏమీ లేకుండా. ఇంజను తన పాత పాట ఎత్తుకుంది. పలకలు అదిరాయి, టార్చి అదిరింది, ఆఫీసరు టోపీ అదిరింది. పైన జనం ఎగిరి గంతేశారు. బుద్ధిగా కూర్చోబెట్టిన పెద్దమనుషులే ముందు లేచారు. చిన్నకోడలు ఇంజను పక్కనే చతికిలబడి, నవ్వో ఏడుపో తెలియకుండా మొహం మోచేత్తో రుద్దుకుంది. మొహమంతా డీజిల్ అయింది.

టంగు! ఒక్క గంట. ముందుకు.

లంగరు లేచింది. ముసలిబాతు తోక ఆడించి, బండలకు వీపు చూపించి, ఇంటిదారి పట్టింది. తెల్లపడవ వాడు పద్ధతిగల మనిషే, హారను మోగించి చెయ్యి ఊపాడు. పెద్దకోడలు అంతకు రెట్టింపు మోగించింది.

ఇంజను కుదురుకున్నాక, చిన్నకోడలు ఒక సీసాలో ఆ నీళ్ళు పట్టుకుని చుక్కాని గదిలోకి వెళ్ళింది. పెద్దకోడలు ముందుకే చూస్తోంది.

"నావల్లే అయుంటుంది" అన్నది, ఇటు తిరక్కుండా. "పొద్దున డెక్కు కడిగించింది నేను. పాయనీళ్ళు గొట్టంతో కొట్టించాను. ట్యాంకు మూత సరిగ్గా బిగించానో లేదో నాకే గుర్తులేదు. అప్పుడు అందరి ముందూ నిన్ను అన్నాను. ఇప్పుడు అందరి ముందూ నన్ను అను. అనిపించుకుంటాను."

చిన్నకోడలు ఇన్నాళ్ళూ ఈ మాటకోసం ఎంత ఎదురుచూసింది! తీరా వచ్చేసరికి చేతిలో సీసా తప్ప ఏమీ కనబడలేదు. ఊరికే దానికేసి చూసింది. నీళ్ళు అడుగున తేటగా నిలిచి ఉన్నాయి. పైనున్న డీజిలును వంచేసి, ఒక చుక్క నాలుకమీద వేసుకుంది.

"ఛీ, ఏం పనే అది!"

చిన్నకోడలు తుపుక్కున ఉమ్మింది. డీజిల్ కంపు ముక్కులదాకా ఎక్కింది. కానీ ఆమె కళ్ళు మెరిశాయి. "ఉప్పు లేదక్కా."

"అంటే?"

"పాయనీళ్ళైతే ఉప్పగా ఉండాలిగా. ఇవి చప్పనీళ్ళు, బావినీళ్ళు. నువ్వు కడిగిన నీళ్ళు కావు. నీ తప్పు ఇసుమంత కూడా లేదు."

పెద్దకోడలు చుక్కాని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో చిన్నకోడలి మొహంమీద డీజిల్ మరక తుడిచింది. అది పోలేదు, ఇంకా పులుముకుంది. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చి, నవ్వు సగంలో ఆగింది. బావినీళ్ళు వాటంతటవి నడిచి వచ్చి ట్యాంకులో దూకవు. ఎవరో తెచ్చి పోశారు.

"ముందు రేవు చేరదాం" అన్నది పెద్దకోడలు.

రేవు కిటకిటలాడుతోంది. ముసలిబాతు ఎవరి తాడూ లేకుండా, తన కాళ్ళమీద తను వచ్చి మెట్లకు ఒరుసుకోగానే కేకలు మిన్నంటాయి. అన్నదమ్ములిద్దరూ మొలలోతు నీళ్ళలోకి దూకి తాళ్ళు అందుకున్నారు. పెద్దకోడలు గట్టుమీదికి దిగి, వెనక్కి తిరిగి చెయ్యి చాచింది. చిన్నకోడలు ఆ చెయ్యి పట్టుకుని దిగింది. అది చూసి తమ్ముడు అన్నకేసి, అన్న తమ్ముడికేసి చూసుకున్నారు. ఇక భోజనాల దగ్గర తలెత్తుకుని తినొచ్చన్నమాట.

"ఇదిగో పెద్దలారా!" పెద్దకోడలు గొంతెత్తింది. "ఒకప్పుడు ఇక్కడే నిలబడి, ఈమెకు పని చేతకాదన్నాను. మీరంతా నవ్వారు. ఇవాళ మీ పిల్లాజెల్లల్ని ఇంటికి తెచ్చింది ఈ చేతులే. ఆ మాట అన్నది నేనే, వెనక్కి తీసుకుంటున్నదీ నేనే. ఇప్పుడు నవ్వండి చూద్దాం!"

ఎవరూ నవ్వలేదు. చప్పట్లు మాత్రం చాలాసేపు మోగాయి. ఆఫీసరు టోపీ సర్దుకుని, పరీక్ష నెగ్గారని, ఈ దారి ముసలిబాతుదేనని అందరికీ వినబడేలా చెప్పాడు.

ఆ హడావుడిలో జనాన్ని తోసుకుంటూ అత్తగారు వచ్చింది. కోడళ్ళిద్దరి చేతులూ కలిసి ఉండటం చూసింది. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. కానీ మొహం పాలిపోయి ఉంది. ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని, రేవుగట్టున ఉన్న తాళ్ళగది వెనక్కి లాక్కుపోయింది.

"ఎవరికీ ఏం కాలేదు కదా? అందరూ క్షేమమే కదా?"

"అందరూ క్షేమమే అత్తయ్యా. డీజిల్లో ఎవరో నీళ్ళు పోశారు, అయినా..."

"ఎవరో కాదే" అన్నది అత్తగారు. "నేనే."

చిన్నకోడలి చేతిలో సీసా జారి రాళ్ళమీద పగిలింది.

"బయల్దేరకుండానే ఆగిపోతుందనుకున్నాను తల్లీ. నడిపాయలో ఆగుతుందని తెలిస్తే నా చేతులు పడిపోనూ! మీరు కదులుతుంటే రెండు చేతులూ ఊపి ఆగమన్నాను. మీరు నవ్వుతూ తిరిగి చేతులూపారు."

"అసలెందుకు అత్తయ్యా?" పెద్దకోడలి గొంతు గుసగుసకు దిగిపోయింది. "ఇది మీ లాంచీ. మీరూ మామయ్యా కట్టించుకున్న లాంచీ. అది ఓడిపోవాలని మీకెందుకు?"

అత్తగారు ముసలిబాతుకేసి చూసింది. ఎవరో దాని ముక్కుకు పూలదండ వేస్తున్నారు.

"ఓడితే దాన్ని ఈ మూలన కట్టి వదిలేస్తారు. ఎవరూ ముట్టుకోరు. నెగ్గితే ఏం చేస్తారో తెలుసా? ఇంకా ఎన్నాళ్ళు పనికొస్తుందోనని ఒడ్డుకు లాగి అడుగుపలకలు విప్పి చూస్తారు. ఆ పలకలు మీ మామయ్యా నేనూ కలిసి మేకులు కొట్టినవి. వాటి కింద ఏముందో ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఆయన పోయాడు. ఇంకెవరూ చూడకూడదే, నా ప్రాణం ఉండగా చూడకూడదు."

"ఏముంది అత్తయ్యా?"

అత్తగారు నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే తాళ్ళగది మూల తిరిగి ఆఫీసరు ప్రత్యక్షమయ్యాడు, మొహమంతా నవ్వుతో.

"ఇక్కడున్నారా! మీకోసమే వెతుకుతున్నానమ్మా. అడుగు తనిఖీ మామూలుగా అయితే రేపు చేస్తాం. ఇంతమంది ఎలాగూ ఉన్నారు, సముద్రం పోటు కూడా కలిసొచ్చింది. మీవాళ్ళు తాళ్ళు కట్టేశారు కూడా. రండి, మీ చేత్తోనే మొదటి పలక విప్పుదురుగాని."

ఆయన వెనక, రేవులోంచి, ముసలిబాతును ఒడ్డుకు లాగుతున్న జనం ఒక్క గొంతుతో కేకేశారు.